వెతకడం కూడా ఒక పాఠమే: మెడికల్ లైబ్రరీ ఆన్‌లైన్‌కి వచ్చిన కథ

ఈ వారం ఎపిసోడ్‌లో అరగంటలో పట్టినంత చెప్పాను. మిగిలింది, తీరిగ్గా చదువుకునేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా వింటున్నవాళ్లకి ఒక మాట. నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ హెల్త్ సైన్సెస్ లైబ్రరీలో పనిచేస్తాను. నర్సింగ్, ఫార్మసీ, పబ్లిక్ హెల్త్, ఫిజికల్ థెరపీ చదివే పిల్లలకి రీసెర్చ్ పేపర్లు ఎలా వెతకాలో నేర్పే ఆన్‌లైన్ పాఠాలు తయారుచెయ్యడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఈ మాట చెప్పగానే మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది: "గూగుల్ ఉండగా వెతకడానికి పాఠం ఎందుకండీ?"

మర్యాదగా అడిగినా, వెటకారంగా అడిగినా అది మంచి ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే నూట అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఇదంతా మొదలైంది ఒక స్టూడెంట్ కష్టంతోనే.

మూర్ఛ మీద ఒక థీసిస్

1860 ప్రాంతం. సిన్సినాటీలోని మెడికల్ కాలేజ్ ఆఫ్ ఒహైయోలో జాన్ షా బిల్లింగ్స్ అనే కుర్రాడు డిగ్రీ కోసం థీసిస్ రాస్తున్నాడు. మూర్ఛ వ్యాధికి ఆపరేషన్ చేస్తే ఫలితం ఉంటుందా అన్నది అతని విషయం. అప్పటిదాకా ఎవరెవరు చేశారు, ఏం జరిగింది అని లెక్క తీద్దామనుకున్నాడు. నెలల తరబడి పుస్తకాలు, పత్రికలు తిరగేశాడు. కావలసినవన్నీ ఒక్క ఊళ్లో దొరకలేదు. అసలు ఎక్కడ వెతకాలో చెప్పే సూచిక కూడా లేదు. ఇంత కష్టం ఇంకొకరికి ఉండకూడదనే ఆలోచన అప్పుడే పుట్టిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

బిల్లింగ్స్ సివిల్ వార్‌లో ఆర్మీ సర్జన్‌గా పనిచేసి, 1865లో వాషింగ్టన్‌లో సర్జన్ జనరల్ ఆఫీసు లైబ్రరీ బాధ్యత తీసుకున్నాడు. ఆ చిన్న లైబ్రరీని దేశంలోకెల్లా పెద్ద వైద్య గ్రంథాలయంగా పెంచాడు. 1879లో ఇండెక్స్ మెడికస్ అనే సూచిక మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చిన వైద్య పుస్తకాలు, వ్యాసాలు అన్నీ విషయాలవారీగా అందులో ఉండేవి. 1880లో తన లైబ్రరీలో ఉన్నవాటన్నిటికీ ఇండెక్స్ కేటలాగ్ మొదటి సంపుటం తెచ్చాడు. ఎక్కడో చిన్న ఊళ్లో ఉన్న డాక్టర్ కూడా, ఫలానా జబ్బు మీద లోకంలో ఎవరేం రాశారో తెలుసుకునే దారి అప్పుడు పడింది.

అయితే ఆ సంపుటాలు చూడటం కూడా ఒక విద్యే. ఏ పదం కింద చూడాలి? పాత సంపుటంలో ఒక పేరు, కొత్త సంపుటంలో ఇంకో పేరు ఉంటే ఏం చెయ్యాలి? ఈ సందేహాలు తీర్చడానికి ఆ అల్మరాల పక్కనే ఒక మనిషి ఉండేది. ఆవిడే లైబ్రేరియన్. ఆవిడ పాఠమేమీ చెప్పేది కాదు. "ఇక్కడ కాదమ్మా, ఆ పదం కింద చూడు" అనేది, అంతే. ఈ మనిషిని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో మనం వెతికేది ఆవిడనే.

కంప్యూటర్ వచ్చింది, ఉత్తరాలు పోలేదు

బిల్లింగ్స్ పెంచిన లైబ్రరీయే 1956లో చట్టప్రకారం నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ అయింది. తర్వాత మేరీలాండ్‌లోని బెథెస్డాకి మారింది. 1960లో అక్కడివాళ్లు మెష్ అనే పదాల పట్టిక తెచ్చారు. సంగతేమిటంటే, ఒకే జబ్బుని ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో రాస్తారు. మన ఇళ్లలో షుగర్ అంటాం, డాక్టర్ డయాబెటిస్ అని రాస్తాడు. హార్ట్ ఎటాక్ అంటాం, జర్నల్లో మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అని ఉంటుంది. ఎవరు ఏ పేరుతో రాసినా లైబ్రరీ మాత్రం ఒకే పేరు కింద నమోదు చేస్తుంది. ఆ పేర్ల పట్టికే మెష్.

1964లో మెడ్‌లార్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. కంప్యూటర్ అంటే ఇప్పటిలా మన ముందు స్క్రీన్ ఉండేది కాదు. డాక్టర్ తనకి కావలసింది కాగితం మీద రాసి పంపాలి. శిక్షణ పొందిన సెర్చ్ ఎనలిస్టు దాన్ని మెష్ పదాల్లోకి మార్చి మెషిన్‌కి ఇవ్వాలి. అచ్చయిన జాబితా కొన్ని వారాలకి పోస్టులో వచ్చేది.

ఇదంతా నిజంగా పనిచేస్తోందా అని లెక్క కట్టినాయన ఎఫ్. డబ్ల్యు. లాంకాస్టర్. సుమారు 300 సెర్చ్‌లు పట్టుకుని పరిశీలించి, 1968లో నివేదిక ఇచ్చాడు. దొరకవలసిన పేపర్లలో సగటున 58 శాతమే దొరికాయి. దొరికినవాటిలో దాదాపు సగం అక్కరలేనివి. తప్పంతా మెషిన్‌దేనా అంటే కాదు. బాగుపడడానికి అన్నిటికన్నా ఎక్కువ అవకాశం ఉన్నది అడిగేవాడికీ వ్యవస్థకీ మధ్య జరిగే సంభాషణలోనే అని ఆయన తేల్చాడు. అంటే అడిగేవాడికి తన ప్రశ్న సరిగ్గా చెప్పడం రావాలన్నమాట. నా దృష్టిలో మా పాఠాలకి పునాదిరాయి ఆ నివేదికే. అప్పటికి వెబ్ ఊహల్లో కూడా లేదు.

వెబ్ కంటే ముందే ఆన్‌లైన్ పాఠం

1971 అక్టోబరులో మెడ్‌లైన్ వచ్చింది. ఇప్పుడు టెలిఫోన్ లైను మీద టెర్మినల్ తగిలించి, దూరంగా ఉన్న కంప్యూటర్‌ని అక్కడికక్కడే అడగొచ్చు. కానీ ఎవరుపడితే వాళ్లు అడగలేరు. కమాండ్లు తెలియాలి, మెష్ తెలియాలి, లైన్ మీద గడిచే ప్రతి నిమిషానికీ ఖర్చు. అందుకని లైబ్రేరియన్లని పిలిచి వారాల తరబడి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు. డాక్టర్లు, స్టూడెంట్లు ఆ ట్రైనింగ్ అయిన లైబ్రేరియన్ దగ్గరికి రావాలి. ఆవిడ నాలుగు ప్రశ్నలు అడిగి, వాళ్లకి నిజంగా ఏం కావాలో తేల్చుకుని, అప్పుడు టెర్మినల్ ముందు కూర్చునేది.

అందరినీ పిలిపించి నేర్పడం భారమయ్యేసరికి, 1970ల చివర్లో మెడ్‌లెర్న్ అనే పాఠం తయారైంది. టెర్మినల్ ముందు కూర్చుని, మెషిన్ చెప్పినది చదివి, అడిగినదానికి టైప్ చేస్తూ, మెడ్‌లైన్‌లో వెతకడం నేర్చుకోవాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది పక్కా ఆన్‌లైన్ ట్యుటోరియల్. మా వృత్తిలో చాలామంది ఈ పని వెబ్‌తో మొదలైందనుకుంటారు. కాదు, వెబ్ పుట్టడానికి పదేళ్ల ముందే ఉంది. అందులో నాకు నచ్చేదేమిటంటే, అది చదివి ఊరుకునే పాఠం కాదు. చేతులతో చెయ్యాల్సిందే.

తలుపు తెరిచారు, మనిషి లేదు

1986లో గ్రేట్‌ఫుల్ మెడ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 30 డాలర్లకి కాస్త తక్కువకి ఫ్లాపీ కొనుక్కుంటే డాక్టర్ తన సొంత కంప్యూటర్ నుంచే మెడ్‌లైన్ వెతుక్కోవచ్చు. సెర్చ్‌కి మాత్రం విడిగా డబ్బు కట్టాలి. 1997 జూన్ 26న ఆ డబ్బు కూడా అక్కర్లేకుండా పోయింది. వైస్ ప్రెసిడెంట్ అల్ గోర్ చేతుల మీదుగా పబ్‌మెడ్ లోకమంతటికీ ఉచితం అయింది. బెథెస్డాలో డాక్టర్‌కి ఏం కనిపిస్తుందో గుంటూరు మెడికల్ కాలేజీలో స్టూడెంట్‌కీ అదే కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఉంటే చాలు.

ఇది చాలా గొప్ప సంగతి. నేను దీన్ని తక్కువ చెయ్యను. కానీ తలుపు ఇంకాస్త వెడల్పుగా తెరిచిన ప్రతిసారీ, వాకిట్లో కూర్చుని దారి చెప్పే మనిషి ఒక అడుగు వెనక్కి జరిగింది. 1997 తర్వాత ఆవిడని దాటకుండానే అందరూ లోపలికి వెళ్లిపోవచ్చు. "మీకు నిజంగా ఏం కావాలి?" అని అడిగేవాళ్లు లేరు. "ఇందులో ఫలానా సంవత్సరం ముందువి ఉండవు సుమా" అని హెచ్చరించేవాళ్లూ లేరు.

అదే కాలంలో వైద్య విద్య కూడా మారింది. 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ గురించి ఒక వ్యాసం వచ్చింది. పెద్ద డాక్టర్ చెప్పాడని కాకుండా, పరిశోధనల్లో తేలిందేమిటో వెతికి, తూచి, వైద్యం చెయ్యాలని దాని సారం. 1995లో దానికి తోడుగా పీకో అనే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ప్రశ్నని నాలుగు ముక్కలు చెయ్యాలి: రోగి ఎవరు, ఏ చికిత్స, దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం చూస్తున్నాం. "గర్భంతో ఉన్నవాళ్లకి షుగర్" అని వెతికితే కొండంత వస్తుంది. "గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి, మెట్‌ఫార్మిన్ ఇస్తే, ఇన్సులిన్‌తో పోలిస్తే, బిడ్డ బరువు ఎలా ఉంది" అంటే అది వెతకదగ్గ ప్రశ్న. గమనించారా, పాత లైబ్రేరియన్ ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన నాలుగు ప్రశ్నలే ఇవి. ఇప్పుడు స్టూడెంట్ తనని తానే అడగాలి.

2001 జూన్

ఇక ఎపిసోడ్‌లో నా గొంతు కాస్త తగ్గిన చోటు. ఇదంతా ఎందుకు అని అడిగినవాళ్లకి నా అసలు జవాబు ఇదే.

2001లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఆస్తమా మీద ఒక పరిశోధన జరుగుతోంది. శ్వాసనాళాలు ఎలా తెరుచుకుని ఉంటాయో తెలుసుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లతో హెక్సామెథోనియం అనే మందుని పీల్పించారు. 1950లలో రక్తపోటుకి వాడి, తర్వాత పక్కన పెట్టేసిన మందు అది. వాలంటీర్లలో ఒకరు 24 ఏళ్ల యువతి, ఆ సంస్థలోనే ఉద్యోగి. మందు పీల్చాక ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. జూన్ 2న చనిపోయింది.

తర్వాత విచారణలో చాలా లోపాలు బయటపడ్డాయి. సమ్మతి పత్రం, సమీక్ష కమిటీ పనితీరు, ఇలా చాలా. వాటిలో ఒకటి లైబ్రరీకి సంబంధించినది. మొదలుపెట్టే ముందు పబ్‌మెడ్‌లో వెతికారు. కానీ అప్పటి పబ్‌మెడ్‌లో 1966 నుంచి వచ్చినవే ఉండేవి. హెక్సామెథోనియం ఊపిరితిత్తులకి హాని చెయ్యొచ్చని చెప్పే పేపర్లు 1950లవి. అవి అచ్చు సూచికల్లో, అల్మరాల్లో ఉన్నాయి. ఆమె పోయాక వెతికితే దొరికాయి. ఆ జూలైలో ఫెడరల్ ప్రభుత్వం తన డబ్బుతో అక్కడ మనుషుల మీద జరిగే పరిశోధనలన్నిటినీ దాదాపుగా ఆపించింది. కొన్ని రోజుల తర్వాతే మళ్లీ అనుమతులు మొదలయ్యాయి.

ఆ పేపర్లు ముందే దొరికి ఉంటే ఆమె బతికేదా? ఖచ్చితంగా అలా అనలేం. కానీ దొరకలేదన్నది మాత్రం నిజం. వెతికినవాళ్లు సోమరులూ కాదు, చదువు లేనివాళ్లూ కాదు. వాళ్ల ముందున్న పెట్టె శుభ్రంగా, వేగంగా జవాబిచ్చింది. నా అంచు ఇక్కడితో అయిపోతుంది అని మాత్రం ఆ పెట్టె చెప్పలేదు. చెప్పే మనిషి వాకిట్లో లేదు.

2003లో నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ పాత అచ్చు సూచికల్లోని లక్షల కొద్దీ వివరాలని పబ్‌మెడ్‌లో కలిపింది. తర్వాతి ఏళ్లలో అవి 1940ల దాకా వెళ్లాయి. అంచు వెనక్కి జరిగింది, కానీ పోలేదు. అంచు లేని డేటాబేస్ ఉండదు.

బటన్ల పాఠాలు

ఈలోగా వెబ్ ట్యుటోరియల్స్ కాలం మొదలైంది. 1990ల చివర్లో టెక్సస్ యూనివర్సిటీ సిస్టమ్ లైబ్రరీలు టిల్ట్ అనే పాఠం తయారుచేశాయి. మధ్యమధ్యలో క్విజ్‌లు, ఎవరైనా తీసుకుని తమకి తగినట్టు మార్చుకునే వీలు ఉండడంతో అది చాలా చోట్లకి పాకింది. తర్వాత స్క్రీన్‌ని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, యూట్యూబ్ వచ్చింది. ప్రతి మెడికల్ లైబ్రరీ "పబ్‌మెడ్‌లో ఎలా వెతకాలి" అని ఒక వీడియో చేసి పెట్టింది. ఇక్కడ నొక్కండి, అక్కడ టిక్ పెట్టండి, అంతే.

వాటికి ఒక చిక్కు ఉంది. బటన్లు మారతాయి. 2009లో పబ్‌మెడ్ రూపం మారింది. 2020 మేలో మళ్లీ పూర్తిగా మారింది. అదే వసంతంలో కోవిడ్ వల్ల క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి వెళ్లాయి. అంటే పాఠం అత్యవసరమైన సమయానికే, ఉన్న వీడియోల్లో కనిపించే తెరకీ పిల్లల ముందున్న తెరకీ పొంతన లేకుండా పోయింది. మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఆ ఎండాకాలం చచ్చేంత పని.

2012లో ఆరిజోనా యూనివర్సిటీ లైబ్రరీలు గైడ్ ఆన్ ది సైడ్ అనే సాఫ్ట్‌వేర్‌ని అందరికీ ఉచితంగా విడుదల చేశాయి. అసలు డేటాబేస్ ఒకవైపు తెరిచి ఉంటుంది, పక్కన చిన్న గడిలో సూచనలు, ప్రశ్నలు ఉంటాయి. పిల్లలు నిజమైన చోటే వెతుకుతూ నేర్చుకుంటారు. నాకది చూస్తే మెడ్‌లెర్న్ గుర్తొస్తుంది. ఎన్నో ఏళ్లు తిరిగి, మళ్లీ చేతులతో చేయించే పద్ధతి దగ్గరికే వచ్చాం.

నేను పాఠం ఎలా కడతాను

ఈ చరిత్ర చదివాక నా పాఠాల్లో బటన్ల భాగం తగ్గించాను. పది నిమిషాలు మించని చిన్న పాఠం, అందులో మూడు పనులు. ఒకటి, వెతకడానికి ముందు ప్రశ్నని పీకోలో రాయాలి. రెండు, సెర్చ్ అయ్యాక అడ్వాన్స్‌డ్ పేజీలో డీటెయిల్స్ తెరిచి, మీరు టైప్ చేసినదాన్ని మెషిన్ ఏ పదాలుగా మార్చుకుందో చూడాలి. మీరు హార్ట్ ఎటాక్ అని కొడితే అది చడీచప్పుడు లేకుండా మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ కూడా కలుపుకుంటుంది. సాధారణంగా మేలే, కానీ ఏం చేసిందో మీకు తెలియాలి. మూడు, ఈ డేటాబేస్‌లో ఏముండదో ఒక వాక్యం రాయాలి. పిల్లలు ఎక్కువసేపు ఆగేది ఈ మూడో దగ్గరే.

ఒక అభ్యాసానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని వాడుకుంటాను. పబ్‌మెడ్‌లో ఎమినోప్టెరిన్, ల్యుకీమియా అని వెతికి, అతి పాతవి ముందు వచ్చేలా పెట్టమంటాను. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం రాసిన పేపర్ కనిపిస్తుంది. పిల్లల బ్లడ్ క్యాన్సర్ మందుతో కొంతకాలమైనా తగ్గుతుందని చూపించిన పేపర్ అది. సారాంశం ఉండదు, పాత రికార్డులకి సాధారణంగా ఉండదు. రచయితల పేర్లలో సుబ్బారావు గారు లేరు. కానీ ఆ మందు తయారైంది లెడర్లీ లేబరేటరీస్‌లో, ఆయన నడిపిన పరిశోధన విభాగంలో. ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. పేపర్ మొత్తం తెరిచి చదివి, వెనక్కి వెనక్కి వెళ్తేనే ఆ సంగతి అర్థమవుతుంది. సెర్చ్ ఫలితాల పేజీ చూసి వదిలేసినవాళ్లకి ఆయన ఉన్నట్టే తెలియదు.

మన దగ్గర్నించి వచ్చే పిల్లలకి ఇది ఇంకాస్త కొత్తగా ఉంటుంది. బీఫార్మసీ, బీడీఎస్, ఫిజియోథెరపీ చదివి మాస్టర్స్‌కి వస్తారు. టెక్స్ట్‌బుక్ మీద వాళ్ల పట్టు గట్టిది, వైవాలో తడుముకోరు. కానీ పరీక్షల చదువులో ఏం చదవాలో ఎప్పుడూ ఇంకొకరే చెప్పారు: సిలబస్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు. ఇక్కడికి రాగానే "నీ ప్రశ్న నువ్వే తయారుచేసుకుని, జవాబు ఎక్కడుందో నువ్వే కనుక్కో" అంటారు. లైబ్రేరియన్‌ని అడగడం నామోషీ అనుకుంటారు కొందరు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే చెప్పండి: ఇక్కడ లైబ్రేరియన్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, మార్కులూ తగ్గవు. అడిగించుకోవడమే మా పని.

ఇప్పుడు కొత్త తలుపు

2020లోనే ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాం. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద మే 22న లాన్సెట్‌లో వచ్చిన ఒక పేపర్‌ని, రెండు వారాలు తిరక్కుండా జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ఆధారమైన డేటాని ఎవరూ సరిచూడలేకపోయారు. ఈ మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని కొన్నాళ్లు ఆపింది కూడా. దొరికిన పేపర్ ఇంకా నిలబడే ఉందా అని చూడటం కూడా వెతకడంలో భాగమే అని అప్పటినుంచి పాఠంలో చేర్చాను.

2022 చివర్లో ఛాట్‌జీపీటీ వచ్చాక ఇంకో తలుపు తెరుచుకుంది, అన్నిటికన్నా వెడల్పుగా. అది మన భాషలో అడిగినా జవాబిస్తుంది, ఓపిగ్గా మాట్లాడుతుంది. వాకిట్లో మనిషి తిరిగొచ్చినట్టే అనిపిస్తుంది. కానీ కొన్నిసార్లు లోకంలో లేని పేపర్లకి కూడా పేరు, సంవత్సరం, జర్నల్ అన్నీ కలిపి చెబుతుంది. అంచు ఎక్కడుందో తనంతట తాను చెప్పదు. 2001లో పబ్‌మెడ్ చెప్పనట్టే.

అందుకే గూగుల్ ఉండగా పాఠం ఎందుకని అడిగితే నా జవాబు ఇది. వెతికే పెట్టె ప్రతి పది, పదిహేనేళ్లకీ మారుతుంది. దాని ముందు అడగవలసిన ప్రశ్న బిల్లింగ్స్ కాలం నుంచీ మారలేదు: ఇందులో ఏముంది, ఏం లేదు, లేనిది ఎక్కడుంది? ఆ ప్రశ్న అడగడం అలవాటయ్యేదాకా చేయించడమే నా పాఠం. రేపు మనలో ఎవరమో ఆ పిల్లల ముందు మంచం మీద పడుకుని ఉంటాం కదండీ.

వచ్చే ఎపిసోడ్‌లో సుబ్బారావు గారి బోస్టన్ రోజుల గురించి మాట్లాడుకుందాం. మీ పిల్లలు హెల్త్ సైన్సెస్ చదువుతుంటే, వాళ్ల సెర్చ్ కష్టాలేమిటో అడిగి నాకు రాయండి. ఉంటాను మరి.